గోడ వ్రాసిన నవ్వులు

ఆ కాలంలో ప్రతి ఇంటి గోడా ఒక చిట్టా వ్రాసేది. ఎవరు, ఎవరితో, ఏమి చేశారు, ఎప్పుడు అన్న నాలుగు గడులను రెప్పపాటుకు ముందే నింపేది.

ప్రాతఃసంధ్య ముగించి నృసింహావధానులు గారు గోడను అడిగారు. “ఈ నెలలో నా భార్య ఎవరితో నవ్వింది?”

“పై వాటా వీణ మాస్టారు పతంజలి గారితో, ఇరవై మూడు పర్యాయములు.”

“మరి నాతో?”

“నమోదు లేదు.”

పైనుండి వినవచ్చే వీణ ప్రతి స్వరమూ అవధానులు గారి చెవిలో సూదిలా గుచ్చుకొన్నది. గాయత్రి జపించిన నోటితోనే కేక వేశారు.

“భ్రమరా! ఆ వీణాయన దగ్గర నీకంత నవ్వొచ్చేదేముంది?”

భ్రమరాంబ గారు కాఫీ గ్లాసుతో వచ్చారు. “తీగ తెగినప్పుడల్లా ఆయన పెట్టే మొహం చూడాలండీ! అయినా మీతో రోజూ నవ్వుతూనే ఉన్నాగా.”

“గోడ వ్రాయలేదే!”

“ఎలా రాస్తుంది? చిట్టా వేగంగా సాగాలి, రోజూ జరిగేవన్నీ నిత్యకర్మలు, అవి వద్దు, విశేషాలే రాయమని దానికి చెప్పింది మీరు కాదుటండీ? పైగా నిత్యకర్మకు ఫలం లేదు, మానితేనే దోషమని పురాణం చెప్పినప్పుడల్లా అంటారు. సరే, మానేసి చూస్తాను.”

ఆమె నవ్వకుండా కూర్చొని, ఆ కాఫీ తామే త్రాగసాగారు.

గోడ వెంటనే పలికింది. “భ్రమరాంబ, భర్తకు, కాఫీ ఇవ్వలేదు, ఉదయం ఆరు నలభై.”

చిట్టాలో తమ ప్రస్తావన వచ్చినందుకు సంతోషించవలెనో, కాఫీ అడుగవలెనో తెలియక అవధానులు గారు నిలబడిపోయారు.