మూడో ఫారం

“ఆ రేడియో కట్టేయవోయ్! దాన్ని సంగీతమంటే రేకుడబ్బా కూడా చిన్నబుచ్చుకుంటుంది,” అన్నారు ప్రొఫెసరుగారు, బైండింగు గదిలో అడుగుపెడుతూనే.

బైండరు చేతిలోని సూది పక్కన పెట్టి రేడియో కట్టేశాడు. వచ్చినాయన ఇంగ్లీషు ప్రొఫెసరుగా రిటైరైన పెద్దమనిషి. అచ్చవుతున్నది ఆయన తొలి నవల.

“సినిమాలు చూస్తావా?”

“ఎప్పుడైనా చూస్తానండీ. ఏడిపించేవి బావుంటాయి.”

“ఏడవడానికి సినిమా దేనికోయ్, ఉల్లిపాయ చాలదూ? మా ఆవిడా నీ బాపతే. టీవీ సీరియల్లో అత్తగారు కళ్లెర్రజేస్తే మా ఇంట్లో పాలు పొంగిపోతాయి.”

వెనక నిలబడిన ఆయన భార్య చిన్నగా నవ్వింది. ఆవిడ నడివేలి మీద సిరా మరక బైండరు కంట పడింది. అతని చూపును ప్రొఫెసరుగారు పసిగట్టారు.

“నాది బ్రహ్మరాత. సాపు ప్రతీ, ప్రూఫులూ ఈవిడ పని. ఒక్క ముక్క అర్థం కాదనుకో! గుమాస్తాకు అర్థంతో పనేముంది?”

పొడవాటి బల్ల మీద ఇరవై గుట్టలున్నాయి. పదహారు పేజీల మడత ఒక ఫారం, ఫారానికొక గుట్ట. వరసగా ఒక్కొక్కటీ తీసి కుడితే పుస్తకమవుతుంది. ఈ పుస్తకానికి పేజీల సంఖ్యలు లేవు. ఫారం అడుగున బైండరు కోసం వేసే చిన్న అంకె కూడా లేదు. రెండూ ప్రొఫెసరుగారే తీయించారు.

“నవలేమన్నా పాఠ్యపుస్తకమా, అంకెలు వేయడానికి? గొప్ప నవల చదివేవాణ్ని దారి తప్పించాలి. చెమటలు పట్టించాలి.”

“అంకెలుంటే కుట్టేవాళ్లకి...” అనబోయింది భార్య.

“నీకెందుకు? నీ సీరియల్ సంగతి నువ్వు చూసుకో.”

ఆవిడ మూడో గుట్ట మీది కాగితాన్ని ఒకసారి నిమిరి, చేయి వెనక్కి తీసుకుంది.

అంకెలు లేని గుట్టలకు బైండరు చీటీలు రాసి పెట్టుకున్నాడు. మర్నాడు ఫ్యాను గాలికి అవి కాస్తా ఎగిరిపోయాయి. ఏరి, ఏ చీటీ ఏ గుట్టదో గుర్తు చేసుకుని మళ్లీ పెట్టాడు. అయిదువందల ప్రతులు కుట్టాడు. అట్టలు అతికించాడు. ఒక ప్రతి ముందుగా విమర్శకుడికీ, మిగతావన్నీ ఆవిష్కరణ సభకూ వెళ్లిపోయాయి.

అట్ట వంకర పోయిన ప్రతిని ఇంటికి తీసుకుపోయి చదవడం అతని అలవాటు. సభ రోజు మధ్యాహ్నం ఆ ప్రతి తెరిచాడు. తల్లీకూతుళ్ల కథ. మొదటి రెండు ఫారాలూ మంచినీళ్లలా సాగిపోయాయి. మూడో ఫారానికి రాగానే ఒక వాక్యం సగంలో తెగింది. కూతురు చనిపోయింది. ఎనిమిదో ఫారంలో ఆ చనిపోయిన పిల్లే తల్లి చేత జడ వేయించుకుంటోంది.

అతనికి అప్పుడు తట్టింది. చీటీలు!

కిందటి నెలే ప్రెస్సు యజమాని తెగేసి చెప్పాడు. “ఇంకొక్క పుస్తకం పాడైతే నీ సూది పట్టుకుని ఇంటికి పో.” ముప్ఫై ఏళ్లుగా కుట్టడం తప్ప అతనికి మరో పని తెలియదు.

తప్పు తానే ఒప్పుకుని కాళ్లావేళ్లా పడదామని సభకు పరుగెత్తాడు. అప్పటికే వేదిక మీద విమర్శకుడు మాట్లాడుతున్నాడు.

“వాక్యం సగంలో తెగిపోతుంది. మరోటి నడిమధ్యలోంచి పుట్టుకొస్తుంది. చనిపోయిన పిల్ల వచ్చి జడ వేయించుకుంటుంది! కాలాన్ని ఇంత నిర్దయగా విరగ్గొట్టిన నవల మన భాషలో మరొకటి లేదు.”

చప్పట్లు మారుమోగాయి. ప్రొఫెసరుగారు రెండు క్షణాలు కళ్లార్పారు. తర్వాత లేచి, గొంతు సవరించుకున్నారు.

“ఆ వరస కోసమే తొమ్మిదేళ్లు తపస్సు చేశాను. ఒక్క పేజీ కదిపినా నవల కుప్పకూలుతుంది. మా ఆవిడ మాత్రం అయిదో పేజీ దాటలేదు లెండి. సీరియల్ టైమైందిట!”

హాలంతా గొల్లుమంది. చివరి వరసలో కూర్చున్న భార్య కూడా నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది.

సభ ముగిశాక ప్రొఫెసరుగారు యజమానిని పిలిచి ఆజ్ఞాపించారు. “రెండో ముద్రణ కూడా అచ్చం ఇదే వరసలో రావాలి. ఎవరు చెప్పినా మార్చడానికి వీల్లేదు.” యజమాని బైండరు భుజం తట్టాడు.

అతనికి ప్రాణం లేచొచ్చింది. అయినా ఏదో దొంగిలించి జేబులో వేసుకున్నట్టే ఉంది. మడతకుర్చీలు సర్దుతున్న అలికిడిలో మెల్లగా ఆవిడ దగ్గరికి వెళ్లాడు.

“అమ్మగారూ, మీ ఒక్కరికీ చెబుతాను. పొరపాటు నాదే. అందులో రెండు ఫారాలు...”

“మూడూ, ఎనిమిదీ,” అందావిడ.

బైండరు ఆవిడ ఒళ్లో తెరిచి ఉన్న పుస్తకం వంక చూశాడు.

“ఇంకెవరితోనూ అనకు. నీ పని పోతుంది.”

“అది కాదమ్మా... సారు తొమ్మిదేళ్లు కూర్చుని రాశారు గదా! పైపైన తిరగేసినా తెలిసిపోదూ?”

ఆవిడ పుస్తకం మూసి, అట్టను బొటనవేలితో ఒకసారి గట్టిగా రుద్దింది.

“అట్ట మీద పేరు తప్ప ఇందులో ఆయన రాసిందేమీ లేదు, నాయనా.”