ఆ మూల మట్టి

మూతపడ్డ రంగుల ఫ్యాక్టరీ వెనక మా అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని మట్టి తవ్వుతోంది. నేను భోజనం క్యారియర్‌తో పక్కన నిలబడ్డాను.

"ఈ బాక్టీరియా విషాన్ని తినేస్తుంది నాన్నా. కానీ ఏ ఒక్కటీ ముందుగా మొదలుపెట్టదు. ఒకదానికొకటి కబురు పంపుకుని, సరిపడా ఉన్నామని తెలిశాకే అన్నీ కలిసి పనిలోకి దిగుతాయి."

ఇదే ఫ్యాక్టరీలో పది మంది ట్యాంకర్ డ్రైవర్లం ఉండేవాళ్లం. మేమూ అంతే. ఎవడో ఒకడు ముందు నోరు విప్పుతాడని ఇరవై ఏళ్లు చూశాం.

"ఈ మూల మాత్రం సరిపడా పెరగకముందే చచ్చిపోతున్నాయి. ఇక్కడేం పోశారో తెలిస్తే తట్టుకునే రకం వేద్దును. ఎవర్నడిగినా నేలచూపులే."

నేనూ నేలే చూశాను. క్యారియర్ కింద పెట్టాను.

"క్రోమియం కలిసిన ఆసిడ్," అన్నాను. "వారానికి రెండు ట్యాంకర్లు. పోసింది నేనేనమ్మా."

తను ముందు పుస్తకంలో రాసుకుంది. తర్వాత తలెత్తకుండానే అంది:

"ఈ మూలకొచ్చిన ట్యాంకర్ నీదని నెల కిందటే తెలిసింది. లేకపోతే రోడ్డవతలే క్యాంటీన్ ఉండగా, రోజూ నిన్నెందుకు భోజనం తెమ్మంటాను నాన్నా?"