ఈ ముక్క ఎవరికి?

“మళ్ళీ మీరేనా మేడమ్?” బడి గేటు దగ్గర కాపలా ఉన్న లోయిక్ నుదురు కొట్టుకున్నాడు.

“మా అమ్మాయి ఎనోరా బడికి రాలేదని మెసేజ్ వచ్చింది బాబూ!” మరివోన్ ఫోను అతని ముఖం ముందు పెట్టింది.

“బస్సు లేటయింది. తర్వాత వచ్చేసింది. ఇప్పుడు విరామం, ఇక్కడే ఎక్కడో ఉంటుంది.”

“ఎక్కడో అంటే? నిన్న టీవీలో చూశాను. అచ్చం ఇలాంటి బడే. పిల్లలు ఒక్కొక్కరే మాయమైపోయారు!”

“అది సినిమా మేడమ్.”

“నిప్పు లేనిదే పొగ వస్తుందా?” అంటూ ఆమె లోపలికి దూసుకుపోయింది. లోయిక్ వాకీటాకీలో “మళ్ళీ వచ్చేశారు, జాగ్రత్త!” అని గొణిగి వెనకే పరిగెత్తాడు.

మొన్న ఆదివారమేగా ఇంట్లో రాజుల పండగకి చేసే కేకు, గాలెట్, కోసింది! అందులో దాచిన బొమ్మ ఎవరి ముక్కలో వస్తే వాళ్ళదే కిరీటం. ఏ ముక్క ఎవరికో చూడకుండా చెప్పాలి, పంపకంలో మోసం ఉండకూడదు; అందుకే ఆనవాయితీ ప్రకారం ఇంట్లో చిన్నదైన ఎనోరా బల్ల కింద దూరింది. తను ముక్క ఎత్తి “ఇది ఎవరికి?” అనడం, “నాన్నకి! నానమ్మకి!” అని కింద నుంచి పిల్ల కేక పెట్టడం. మళ్ళీ ఆ గొంతు వింటుందా?

క్లాసులో ఎనోరా సంచి ఉంది, ఎనోరా లేదు. లెక్కల మాస్టారి కళ్ళజోడు ఉంది, మాస్టారు లేరు. ప్రిన్సిపాల్ గదిలో చక్రాల కుర్చీ ఇంకా గిరగిరా తిరుగుతోంది.

“అయ్యో, పెద్దవాళ్ళనీ వదల్లేదు!”

టీచర్ల గదిలో, నేలదాకా గుడ్డ వేలాడుతున్న పొడుగాటి బల్ల మీద కాఫీలు పొగలు కక్కుతున్నాయి. మధ్యలో ఇంకా కొయ్యని గాలెట్, కాగితం కిరీటం. నరమానవుడు లేడు. బల్ల పక్కన ప్రిన్సిపాల్ గారి బూటు ఒకటి పడి ఉంది.

“ఈడ్చుకెళ్ళారు బాబూ! పోలీసులకి ఫోను చెయ్!”

“వద్దు మేడమ్!” లోయిక్ ముఖం పాలిపోయింది. “ముందు కూర్చోండి. ఓ ముక్క తినండి, దడ తగ్గుతుంది.”

“నా కూతురు కనబడకపోతే నాకు ముద్ద దిగుతుందా?”

అయినా ఊరికే నిలబడలేకపోయింది. కన్నీళ్ళు తుడుచుకుని కత్తి అందుకుంది. గాలెట్ కోసి ఒక ముక్క ఎత్తింది. ఏటా నోటికి అలవాటైన మాట దానంతటదే జారింది.

“ఇది ఎవరికి?”

బల్ల కింద నుంచి, అంతే అలవాటుగా, ఠక్కున కేక వినిపించింది.

“అమ్మకి!”