కిటికీలో నాచు

అది 1961. ప్రొద్దుటూరులో వరిమళ్లకు సత్తువనిచ్చే నీలినాచు మీద పరిశోధన చేస్తూ జమాల్ హఠాత్తుగా చనిపోయాడు. ఆయన పెంచిన నాచు గాజుసీసాలో, ఇంటి కిటికీలోనే ఉండిపోయింది. భార్య మాబున్ని దానికి రోజూ నీళ్లు పోస్తూ వచ్చింది.

ఏడాది తర్వాత జమాల్‌తో పనిచేసిన ఆఫీసరు ఆ నాచు కోసం వచ్చాడు. చుక్క తీసి, వెంట తెచ్చిన మైక్రోస్కోపులో చూశాడు.

"ఇది జమాల్ నాచు కాదమ్మా. అది ఎప్పుడో చచ్చిపోయింది. ఇది గాలికొచ్చి పడిన మామూలు పాచి. పారబోసేయండి."

మాబున్ని సీసా అందుకుని మళ్లీ కిటికీలో పెట్టింది.

"ఎండలకు ఆయన నాచు తెల్లగా పాలిపోయినప్పుడే తెలుసప్పా. అంతలో యాన్నుంచో ఇది వచ్చె. ఆయన పోయినంక ఈ ఇంటికి తనంతట తానొచ్చింది ఇదొక్కటే. ఎట్ల పారబోసేది?"