పడుగు చీటీలు

"ఆరేండ్లుగా ఈడనే ఉండావు. ఇంత చిన్న సంగతి నీకు తట్టలేదా అప్పా?" అన్నాడు మేనేజర్ దేవేంద్రన్.

గుణశేఖర్‌కు తల కొట్టేసినట్టయింది. ఒంటిగా పిలిచి అనుంటే సరేలే అనుకునేవాడు. వేలూరు సత్తువాచారిలోని సాఫ్ట్‌వేర్ ఆఫీసులో అందరూ వింటుండగా, మూడు నెలల ముందు చేరిన మోనిషను పక్కన పెట్టుకొని అన్నాడు ఆ మాట.

గుడియాత్తం నేత సంఘానికి రాసిన ప్రోగ్రాం గురించి ఈ రచ్చంతా. లుంగీ డిజైను ఇస్తే, ఒక్కో చారకు ఒక్కో రంగు చీటీ ప్రింటు తీయాల. గుణశేఖర్ రాసింది సింగిల్ థ్రెడ్, ఒక చీటీ అయినాకే ఇంకోటి. ఆరు నిమిషాలు పడుతుంది. మోనిషది పనిని నాలుగు ప్రాసెస్‌లకు పంచి, అన్నిటినీ ఒకేసారి నడిపిస్తుంది. ఒకటిన్నర నిమిషంలో ముగించేస్తుంది.

"వరస తప్పకూడదని అట్ల రాసినా సార్."

"వేగం కావాలప్పా. శుక్రవారం గుడియాత్తంలో చూస్తాం. ఎవురిది బాగుంటే వాళ్ళే లీడర్."

ఆ రోజు నుంచి గుణశేఖర్‌కు కడుపుమంట. టీ వచ్చినా ముందు ఆ పిల్లకే. మోనిష నవ్వితే ఎగతాళి అనుకున్నాడు, నవ్వకపోతే పొగరు అనుకున్నాడు.

గురువారం మోనిష భోజనానికి పోయినప్పుడు ఆమె కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆమె ప్రోగ్రాంలో ప్రాసెస్‌లు నాలుగని ఉన్నచోట ఒకటి చేసినాడు. ఇంక నత్తలాగా నడుస్తుంది, అందరి ముందరా ముఖం మాడిపోతుంది అనుకున్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. వేగం యావలో వరస సంగతే మరిచిపోయి, తన ప్రోగ్రాంను నాలుగు ప్రాసెస్‌లకు మార్చుకున్నాడు.

శుక్రవారం గుడియాత్తం సంఘంలో పంకజమ్మ రంగు నూలు చుట్టిన కండెలు ముందర పెట్టుకొని సిద్ధంగా ఉండాది. ముప్పై ఏండ్లుగా మగ్గానికి నిలువు దారాలు పేర్చి పడుగు పోస్తున్న మనిషి. చదువు రాదు. చీటీలు ఏ వరసలో చేతికొస్తే ఆ వరసలోనే కండెలు పేరుస్తుంది.

"ముందు నీది పెట్టప్పా," అన్నాడు దేవేంద్రన్.

గుణశేఖర్ పెట్టినాడు. చీటీలు గబగబా వచ్చిపడినాయి. పంకజమ్మ కండెలు పేర్చుకుంటా పోయి, సగంలో చెయ్యి ఆపింది.

"ఏంది నాయనా ఇది? అంచు వచ్చి నడిమధ్యలో కూర్చునిందే?"

నాలుగు ప్రాసెస్‌లలో ఏది ముందు ముగిస్తే దాని చీటీ ముందు వచ్చేసింది. ఆ సంగతి గుణశేఖర్‌కు అప్పుడు తట్టింది.

"మోనిషా, నీది పెట్టమ్మా," అన్నాడు దేవేంద్రన్.

"వద్దు సార్."

"పరవాలేదు, పెట్టు."

నాటకం చూడు, అని లోపల పళ్ళు నూరుకున్నాడు గుణశేఖర్.

ఆరు నిమిషాలు పట్టింది. చీటీలు ఒకదాని వెనక ఒకటి వచ్చినాయి. పంకజమ్మ చివరి కండె దాకా పేర్చి తల ఆడించింది.

"ఇది సరిగ్గా ఉండాది నాయనా. మాకు ఇదే ఇయ్యండి."

"అయితే ఇంక నువ్వే లీడర్, మోనిషా," అన్నాడు దేవేంద్రన్.

మోనిష ముఖంలో సంతోషం లేదు. గుణశేఖర్ దగ్గరికి వచ్చి మెల్లగా అనింది.

"అన్నా, నా ప్రోగ్రాంలో వరస చెడిపోతుంది, మీరు రాసిందే సరి అని బుధవారమే సార్‌కు చెప్పి, మిమ్మల్నే లీడర్‌ను చేసేదానికి ఒప్పించినా... ఈరోజు నాది ఎట్ల వరసగా వచ్చిందన్నా?"