కాళ్ళ సర్వే

బోదకాళ్ళ సర్వే వాళ్ళ కారు వంతెన దిగిందని తెలియగానే కామేశ్వరి అత్తగారిని కొబ్బరికాయలు పోసే కొట్టుగదిలో కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేసింది.

"చప్పుడు చెయ్యకండి అత్తయ్యగారూ. దగ్గొస్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకోండి."

"ఆయ్" అంది కాంతమ్మ, వాచిన కాలిని రెండు చేతులతో ఎత్తి గోనెపట్టా మీద పెట్టుకుంటూ. పాపం, ఆవిడకిది అలవాటే. ఇంటికి ఎవరొచ్చినా ఆవిడ ఊళ్ళో ఉండదు.

అలాగని కామేశ్వరి రాక్షసేం కాదు. కూతురు తులసికి మలికిపురం నుంచి మంచి సంబంధం వచ్చింది. కుర్రాడి ఫొటో అందరికీ నచ్చింది. వచ్చే లక్ష్మివారం పెళ్ళిచూపులు. ఈలోగా ఇంట్లో బోదకాలుందని పొక్కితే పెళ్ళివారి మాట దేవుడెరుగు, సంబంధం తెచ్చిన పేరయ్య తాతబ్బాయి కూడా మళ్ళీ గుమ్మం తొక్కడు.

ఊరి పక్కన కాలవే రెండు మండలాలకీ సరిహద్దు. కాలవ నిండా గుర్రపుడెక్క, డెక్క నిండా దోమలు. ఆ దోమలు అవతలి ఊరివని ఇవతలివాళ్ళూ, ఇవతలి ఊరివని అవతలివాళ్ళూ ఏళ్ళ తరబడి తగువులాడుకుంటున్నారు. బోదకాలు మాత్రం రెండు ఊళ్ళలోనూ ఏ ఇంట్లోనూ లేదు. ఎవరిని అడిగినా పక్కింట్లో ఉందంటారు.

కారు కామేశ్వరి గుమ్మం ముందే ఆగింది. తెల్లకోట్లు, మూతికి మాస్కులు. ఒక డాక్టరు, ఆయన వెంట ఒక సిస్టరు. ఇద్దరూ నడివయసువాళ్ళు.

"సరిహద్దు ఊళ్ళలో స్పెషల్ సర్వే అండి. ఇంట్లో అందరూ కాళ్ళు చూపించాలండి" అన్నాడు డాక్టరు.

"రాత్రిళ్ళొచ్చి రక్తం తీస్తారు కదండీ?"

"ఇది కొత్త పద్ధతండి. కాళ్ళు చూస్తే సరిపోద్దండి."

కామేశ్వరి కాఫీ తెస్తే వద్దన్నారు. సర్వేకొచ్చినవాళ్ళు కాఫీ వద్దనడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. కామేశ్వరికి భయం పట్టుకుంది. వీళ్ళు నిజంగానే పని చేసేటట్టున్నారు.

సిస్టరు తులసిని వసారాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిపించింది. కూర్చోబెట్టి పాదాలు నొక్కి చూసింది. ఏం చదివిందో అడిగింది. దోమతెర కట్టుకుంటోందో లేదో అడిగింది. "నిక్షేపంలా ఉన్నాయమ్మా" అంది.

"ఇంకెవరైనా ఉన్నారాండీ?"

"మా ఆయన తోటలో కొబ్బరి దింపు తీయిస్తున్నారండి. ఇంకెవరూ లేరండి."

డాక్టరు లేచాడు. సిస్టరు లేవలేదు. ఆమే కామేశ్వరి పక్కకి జరిగి గొంతు తగ్గించింది.

"దాస్తే ఎవరికండీ నష్టం, వదినగారూ? అమావాస్యకీ పున్నానికీ ఒణుకొచ్చేస్తది. గజ్జల్లో బిళ్ళ కట్టేస్తది. కాలు మంచం దించాలంటే ఏడుపొస్తది. ఒకళ్ళతో చెప్పుకునే రోగం కాదు."

కామేశ్వరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొన్న అమావాస్యకి అత్తగారు అచ్చం అలాగే వణికింది. ఆసుపత్రికి వెళ్దామంటే, "పిల్ల పెళ్ళవనీ అమ్మా, నా కాలెక్కడికి పోద్ది" అని ఆవిడే వద్దంది. ఆ మాట కామేశ్వరిని ఇప్పటికీ ముల్లులా గుచ్చుతోంది.

"చూసినట్టే చెప్తున్నారండి" అంది.

"పేరు బయటికి రాదండి. మందు ఇంటికే పంపిస్తాం. నన్ను నమ్మండి."

కామేశ్వరి కాసేపు తులసి వైపు చూసింది. తర్వాత లేచి కొట్టు తలుపు తీసింది.

"నాకేం లేదండి, కాయలు ఏరుతున్నాను" అంది కాంతమ్మ లోపలినుంచి, కాలి మీదకి చీర లాక్కుంటూ.

సిస్టరు వంగి చీర తొలగించి చూసింది. ఆ కాలిని చేత్తో మెల్లగా నిమిరింది. "మందు పంపిస్తాం మామ్మగారూ" అంది. కాంతమ్మ ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు.

కామేశ్వరికి ఎన్నాళ్ళకో ఊపిరి ఆడినట్టయింది. కారు దాకా వెళ్ళి సాగనంపింది.

"లక్ష్మివారం పిల్లని చూసుకోడానికి వస్తున్నారండి. ఆళ్ళ చెవిన మాత్రం పడనివ్వకండి. మీకు దణ్ణం పెడతాను."

"అయ్యో, మేం ఆళ్ళకి చెప్పే పనేముందండి?" అంది సిస్టరు.

కారు వంతెన దాటగానే సిస్టరు మాస్కు తీసేసి, వాచిన తన కాలికి బిగించి చుట్టుకున్న క్రేప్ బ్యాండేజి వదులు చేసుకుంటూ, "తాతబ్బాయిగారూ, పిల్ల మాకు నచ్చిందండి గానీ ఆ ఇంట్లో బోదకాలుందండి, మా అబ్బాయికి ఇంకో సంబంధం చూడండి" అని ఫోనులో చెప్పింది.