నాలుగు వేళ్ల మడమ

లారీ డ్రైవరు బల్ల మీది సుత్తి లాక్కుని, బూట్లు కుట్టే ముసలాయన కుడిచేతి మీద కొట్టాడు. ఎముక పటుక్కుమంది.

"పాతికేళ్లు వెతికాన్రా నీకోసం! ఫుట్‌బాల్ ఫైనల్లో మా 'మెరుపు' గారి కాలు విరగ్గొట్టి, ఇక్కడ బూట్లు కుట్టుకుంటున్నావా?"

"విరగ్గొట్టింది నేనే. కాదనను."

"బంతి ఆయన కాలికి అతుక్కుపోయేది! మా నాన్న పోయినప్పుడు కూడా ఏడవలేదు, ఆ రోజు ఏడ్చాను!" అంటూ డొక్కలో తన్నాడు. సుత్తి మళ్లీ ఎత్తాడు.

"ముందు ఆ బూటు పక్కన పెట్టు బాబూ. రక్తం పడుతుంది."

ఎడమకాలి బూటు. మడమ నాలుగు వేళ్ల ఎత్తుంది. కుట్టు సగంలో ఆగింది.

"ఎవరిదిది?"

"వాడిదే. మీ మెరుపుది. ఆ కాలు పొట్టిదైపోయిందిగా. అప్పట్నుంచీ నేనే కుడుతున్నాను. ఇంకెవరు కుట్టినా పుండు పడుతుందంటాడు."

డ్రైవరు సుత్తి దించాడు.

"రేపు వాడి మనవడి మొదటి మ్యాచ్. కుంటకుండా నడిచి వెళ్తానన్నాడు."

"మరి... ఆయన నిన్ను ఏమీ అనలేదా?"

ముసలాయన వాచిపోతున్న చేతిని ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో దారం ఎక్కించిన సూది ముందుకు జరిపాడు.

"వాడంటే పాతికేళ్ల అభిమానం కదా నీకు. కూర్చో. కుట్టు."